తిరాసీ, తిరానవే

పోయిన వారం మనం ఆగింది నాగేశ్వరి వంటింట్లో. పొయ్యి మీద పాలు, పెరటి తలుపు మీద దబదబా చప్పుడు. తలుపు తీస్తే ఎదురుగా బక్కమ్మ. ఆ పాలు పొంగి పొయ్యి ఆరిపోయిన సంగతి వాళ్ళిద్దరిలో ఎవరికీ పట్టలేదు గనక మనమూ వదిలేద్దాం.

మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం రెండు ముక్కలు. నాగేశ్వరి మొగుడు నరసరాజు గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడి ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేరాడు. ఆయనకి ప్రాణం ఆయన హెరాల్డ్ కారు. దాన్ని పందెం కారుగా మార్చాలని ఇంజను హెడ్డు అరగదీయించాడు, కార్బురేటర్లు మార్పించాడు, వెనకసీటు పీకించాడు. అలా బిగించిన ఇంజనుకి మామూలు పెట్రోలు సరిపడదు. ఊళ్ళో కార్లన్నీ తాగే ఎనభైమూడు ఆక్టేన్ పోస్తే ఆ ఒత్తిడికి తాళలేక అది వేళ కాని వేళ భగ్గుమంటుంది. పిస్టన్ల నెత్తిన సుత్తి పెట్టి మోదినట్టు టకటకా కొట్టుకుంటుంది. తొంభైమూడు పోస్తేనే అది నోరు మూసుకుని పరుగెత్తేది. బొంబాయి రోడ్డు మీద త్రినాథరావు పెట్రోలు బంకులో ఈ మధ్యే తొంభైమూడుకి ప్రత్యేకంగా రెండో పంపు పెట్టారు. మొన్న ఆదివారం పొద్దున నరసరాజు అక్కడే ట్యాంకు నింపించుకుని, పక్కనున్న పెళ్ళాన్ని ఇంటి దగ్గర దింపి, విమానాల పాత రన్‌వే మీద జరిగిన పందేనికి వెళ్ళాడు. అందరికంటే ముందున్నాడు కూడా. ఆఖరి చుట్టులో ఇంజను కొట్టుకోవడం మొదలుపెట్టినా యాక్సిలరేటర్ మీంచి కాలు తియ్యలేదు. జనం చూస్తున్నారు మరి. పిస్టన్‌కి చిల్లు పడి కారు రన్‌వే మధ్యలో నల్లటి పొగలో కూర్చుండిపోయింది.

సాయంత్రానికల్లా పోలీసు స్టేషన్‌లో నరసరాజు ఫిర్యాదు. బంకులో పనిచేసే రామన్న పెట్రోల్లో కిరసనాయిలు కలిపాడట. పక్కనున్న ఇంద్రేశం ఊరి మనిషి రామన్నని ఆ రాత్రే లోపల వేశారు. ఆ రామన్న పెళ్ళామే ఇప్పుడు తలుపులో నిలబడ్డ బక్కమ్మ. బంకు ముందు బుట్ట పెట్టుకుని జామకాయలు అమ్ముతుంది. ఆ బుట్ట ఇంకా నెత్తి మీదే ఉంది.

“నీ పెనిమిటి ఇంట్ల ఉన్నడా అమ్మా?”

“లేరు. ఎస్సైగారు పంచనామాకి రమ్మన్నారని బంకుకి వెళ్ళారు. ఏం బక్కమ్మా?”

“మంచిగైంది. ఆయన లేకుంటనే నిన్నొక ముచ్చట అడగాలె.” బక్కమ్మ బుట్ట దించలేదు, లోపలికీ రాలేదు. “ఆయితారం పొద్దుగాల నువ్వు కారుల కూసోని నాతోని జామకాయలు బేరం జేసినవ్. యాదికున్నదా?”

“ఎందుకు లేదు.”

“గప్పుడు నీ పెనిమిటి మా ఆయనతోని ఏమన్నడు? నీ చెవులవడలేదా?”

నాగేశ్వరి చెవిన పడింది. పడకేం, బంకంతా వినపడేలా అరిచాడు కదా! పట్నం నుంచి వచ్చిన కారు పందేల క్లబ్బు పెద్దమనిషి ఒకాయన అవతల తన కారులో కూర్చుని ఉన్నాడు. ఆయన ముందు నరసరాజు, ఏ పంపు తీస్తున్నారో కూడా చూడకుండా, తన కొత్త ఉర్దూ ప్రదర్శించుకున్నాడు. ‘తిరాసీ డాలో! ఫుల్ కరో!’ అన్నాడు. ఆ మాట అంత గట్టిగా గుర్తుండటానికి ఇంకో కారణం ఉంది. అంతకుముందు వారమంతా గడ్డం గీసుకుంటూ అద్దంలో తన మొహానికి తనే ఆ మాట చెప్పుకున్నాడాయన. మొన్నటి గొడవల్లో ‘గో బ్యాక్’ అనిపించుకున్న దగ్గర్నుంచి, ఇక్కడివాళ్ళ భాష ఇక్కడివాళ్ళకంటే బాగా మాట్లాడి చూపిస్తానని పంతం పట్టాడు. తెలుగులో అడిగితే రామన్నకి అర్థం కాదా? అవుతుంది. కానీ దర్జా ఎక్కడ కనిపిస్తుంది?

“తిరాసీ అన్నారు,” అంది నాగేశ్వరి. “తొంభైమూడు పొయ్యమని.”

బక్కమ్మ ఆమె మొహంలోకి చూసింది. తరవాత నవ్వింది.

“తిరాసీ అంటె ఎనభై మూడమ్మా. తొంభై మూడుకు తిరానవే అంటరు. మా అత్తకు ఏలుముద్ర తప్ప సంతకం రాదు, ఆమెకు గూడ ఎర్కనే గిది! ఆయన తిరాసీ అన్నడు, మా ఆయన తిరాసీ పోసిండు. తిరాసీయేనా సార్ అని మళ్ల అడిగిండు గూడ. నీ పెనిమిటి ఏమన్నడు?”

‘చెప్పింది పొయ్యవోయ్, నాకు నేర్పొద్దు.’ ఆ మాటా నాగేశ్వరి విన్నదే.

“ఈ సంగతి రామన్న స్టేషన్‌లో చెప్పలేదా?”

“చెప్పిండు. చెప్తే ఏమైతది? సార్ తొంభై మూడే అడిగిన అని రాసిచ్చిండు. ఇంజనీరు మాట ఇంటరా, పెట్రోల్ పోసెటోని మాట ఇంటరా? పెదవి పగలగొట్టిర్రు. గ్యాసునూనె ఏడకెల్లి తెచ్చినవ్ర, ఎవడిచ్చిండ్ర అని ఒకటే అడుగుడు. లేనిది యాడకెల్లి తెచ్చి చెప్తడు?” బక్కమ్మ కంట నీరు మాత్రం రాలేదు. కన్నీళ్ళన్నీ కోపమే తాగేసి ఉంటుంది. “నిన్ను బతిమాలనీకె రాలే నేను. ఉన్నదున్నట్టు చెప్పు. జెర ఎక్కువ వద్దు, తక్కువ వద్దు. గంతే.”

నాగేశ్వరి చెప్పులేసుకుంది. జడ ముడేసుకునే ఓపిక కూడా లేకపోయింది. దారంతా ఆమె తిట్టుకున్నది మొగుణ్ణి కాదు, తనని. ఆదివారం రాత్రి నరసరాజు భోజనానికి కూర్చుని ‘కిరసనాయిలు కలిపాడు, దొంగవెధవ’ అంటే, పాపం కారు పోయిందే అని ఇంకో గరిటె పప్పు వడ్డించింది తను. ఆ పప్పు తలుచుకుంటే ఇప్పుడు చెయ్యి కొరుక్కోవాలనిపించింది.

బంకులో నలుగురున్నారు. పంపుల పక్కన కుర్చీలో ఎస్సై, ఒళ్ళో అట్ట, అట్ట మీద కాగితం. ఆయన వెనక యజమాని త్రినాథరావు, తెల్ల చొక్కా అప్పుడే చెమటకి తడిసిపోయింది. లైసెన్సు పోతుందేమోనని రెండు రోజులుగా ఆయనకి నిద్ర లేదు. ఎదురుగా, స్టేషన్ నుంచి జీపులో తీసుకొచ్చిన రామన్న, నేల మీద గొంతు కూర్చుని. పై పెదవి వాచి నల్లబడింది. అయినా తల దించలేదు. నరసరాజు మాత్రం ఇస్త్రీ మడత నలగకుండా నిలబడి ఉన్నాడు.

“సార్, ఇది పదోసారి చెప్తున్న,” అంటున్నాడు రామన్న. “నా చేతులతోని కల్తీ చెయ్యలే. ట్యాంకుల మాల్ పట్నం పంపి చూపించుకోర్రి. ఆయన తిరాసీ అడిగిండు, నేను తిరాసీ పోసిన. బరాబర్ అడిగిండు!”

“శాంపిల్ పట్నం పోయింది. వచ్చేదాక నువ్వు స్టేషన్‌లనే,” అన్నాడు ఎస్సై విసుగ్గా.

“వీడితో మాటలేంటండీ ఎస్సైగారూ?” నరసరాజు గొంతులో వెటకారం. “దొరికిపోయాడు కాబట్టి కథలల్లుతున్నాడు. వీళ్ళ సంగతి మనకి తెలీనిదా?”

“ఎవరి సంగతండీ?”

ఆ గొంతు విని నరసరాజు ఉలిక్కిపడ్డాడు. పెళ్ళాం బంకుకి నడిచి రావడం ఆయన ఎన్నడూ చూడలేదు. పక్కన బక్కమ్మని చూశాక మొహం మారింది.

“నువ్వెందుకొచ్చావు ఇక్కడికి? ఇంటికెళ్ళు.”

“వెళ్తాను. ఒక మాట చెప్పి వెళ్తాను.” నాగేశ్వరి మొగుణ్ణి దాటి ఎస్సై కుర్చీ ముందుకొచ్చి నిలబడింది. “బాబూ, ఆ రోజు కారులో నేనూ ఉన్నాను. ఈయన తిరాసీ అన్నారు. నా చెవులతో విన్నాను. తిరాసీయేనా అని రామన్న మళ్ళీ అడిగితే, చెప్పింది పొయ్యమని కసిరారు. కల్తీ లేదు, కిరసనాయిలు లేదు. ఈయనకి ఉర్దూ రాదు. జరిగింది అదీ.”

రామన్న లేచి నిలబడ్డాడు. ఎస్సై కలం మూత తీసి నరసరాజు వంక చూశాడు.

“ఏం సార్? అమ్మగారు గిట్లంటున్నది. మీరు ఏ మాట అన్నరో ఒక్కసారి చెప్పుర్రి.”

“తిరానవే,” అన్నాడు నరసరాజు.

తడుముకోలేదు. తడబడలేదు. పుట్టినప్పట్నుంచీ పట్నంలో పెరిగినవాడు అన్నట్టు అన్నాడు.

అప్పటిదాకా నాగేశ్వరి మనసులో ఏదో మూల ఓ చిన్న ఆశ ఉంది. పొరబాటు పడ్డాడు, తెలియక పడ్డాడు, తెలిశాక సిగ్గుపడతాడు, రామన్న భుజం మీద చెయ్యి వేసి తప్పయిపోయిందోయ్ అంటాడు. మొగుడి గురించి ఆడది ఇలాంటివి చాలా ఊహించుకుంటుంది లెండి. ఆ ఒక్క మాటతో అదంతా ఊడ్చుకుపోయింది.

“ఎప్పుడు నేర్చుకున్నారండీ?” అంది.

“ఏంటి?”

“ఆ మాట. వారం రోజులు అద్దం ముందు తిరాసీ, తిరాసీ అని చంపారు. ఆదివారం పొద్దున ఈ పంపు దగ్గర నిలబడి తిరాసీ అని అరిచారు. ఆదివారం దాకా మీ నోట తిరానవే అన్న మాట నేను వినలేదు. ఇవాళ ఇంత చక్కగా పలుకుతున్నారే! ఎవరు దిద్దారు? ఎప్పుడు దిద్దారు?”

నరసరాజు చొక్కా మడత సర్దుకున్నాడు.

“నేను చెప్పనా? ఇంజను పోయాక ఆ క్లబ్బులో ఎవరో చెప్పి ఉంటారు, తిరాసీ అంటే ఎనభైమూడు కదండీ రాజుగారూ అని. నలుగురూ నవ్వే ఉంటారు. అక్కణ్ణుంచి మీరు తిన్నగా ఇంటికి రాలేదు, స్టేషన్‌కి వెళ్ళారు. తెలిసి వెళ్ళారు! ఈ మనిషి తప్పు లేదని తెలిసి, ఇతని మూతి పగిలే దాకా చూస్తూ ఊరుకున్నారు. రెండు పూటలా నా చేతి అన్నం తిని పడుకున్నారు. నిద్రెలా పట్టిందండీ?”

“నాగా!”

“నాగా అనకండి నన్ను!”

రోడ్డు మీద లారీ ఒకటి దుమ్ము రేపుకుంటూ పోయింది. ఆ చప్పుడు తగ్గేలోపు నరసరాజు మొహం ఎర్రబడి, పాలిపోయి, మళ్ళీ మామూలైంది. చివరికి చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు ఆఫీసులో పైఅధికారుల ముందు నవ్వేది. నాగేశ్వరికి ఆ నవ్వంటేనే మొదట్నుంచీ గిట్టదు.

“ఎస్సైగారూ, ఇక దాచి లాభం లేదు. ఆడమనిషి పేరు స్టేషన్‌ దాకా రావడం ఎందుకని ఇప్పటిదాకా నేనే మీదేసుకున్నాను. ఆ రోజు నేను రేడియేటర్ చూసుకుంటూ కారు ముందు ఉన్నాను. పెట్రోలు చెప్పింది మా ఆవిడ. నేను తిరానవే అని చెప్పమంటే ఈవిడ తిరాసీ అంది. ఈవిడకేం తెలుసండీ ఉర్దూ? ఇప్పుడు భయపడి నా మీదకి తోస్తోంది. పోన్లెండి, నా భార్యే కదా. కేసు వద్దు, ఏం వద్దు. నేను ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాను.”

నాగేశ్వరికి చెంప ఛెళ్ళుమనిపించినా ఇంతకంటే నయంగా ఉండేది. అబద్ధాన్ని దయలాగా మడతపెట్టి చేతికిస్తున్నాడు. కాదంటే పెళ్ళాం గయ్యాళిది, ఔనంటే తెలివితక్కువది.

త్రినాథరావు ప్రాణం లేచొచ్చింది. “అయ్యో, అదన్న మాట! చూశారా, ఎంత చిన్న విషయమో. రాజుగారు పెద్దమనసు చేసుకున్నారు. ఎస్సైగారూ, నా బంకులో కల్తీ లేదని మీరూ ఒప్పుకున్నట్టే గదా!”

ఎస్సై అటూ ఇటూ చూశాడు. ఫ్యాక్టరీ ఇంజనీరుతో గొడవ ఆయనకీ అక్కర్లేదు. ఇంత సుళువుగా తెగిపోయే కేసు రోజూ దొరకదు.

“ఏమ్రా రామన్నా? అమ్మగారే అడిగిందా?”

“లేదు సార్, నేను చెప్పిన గద...”

“నీ ముచ్చట ఆపు. కారులకెల్లి తిరాసీ అని మాట ఇనవడ్డది. ఎవలిదో నువ్వు సక్కగ సూడలే. ఇప్పుడు యాదికొచ్చింది, అమ్మగారే. గిట్ల రాస్త. కేసు ఖతం, నువ్వు ఇంటికి పోతవ్. కాదంటవా, శాంపిల్ వచ్చేదాక స్టేషన్‌లనే. అది పది దినాలకొస్తదో, నెలకొస్తదో నాకెర్క లేదు.”

“ఒప్పుకో రామన్నా,” త్రినాథరావు దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు. “ఇవాళే డ్యూటీ ఎక్కు. ఏం పోయింది? ఆవిణ్ణి ఎవరూ జైల్లో పెట్టరు గదా.”

రామన్న వాచిన పెదవి నాలుకతో తడుపుకున్నాడు. నాగేశ్వరి వంక చూశాడు. తన కోసం మొగుణ్ణి ఎదిరించి నిలబడ్డ మనిషి. ఆమె చూపు తిప్పుకోలేదు. ఏమీ అడగలేదు కూడా. స్టేషన్‌లో పడిన రెండు రాత్రులు రామన్న ఒంట్లో ఇంకా సలుపుతూనే ఉన్నాయి. అంతసేపూ దించని తల అప్పుడు దించేశాడు.

“ఔ సార్,” అన్నాడు. “అమ్మనే అడిగింది.”

ఎస్సై రాయడం మొదలుపెట్టాడు. త్రినాథరావు హమ్మయ్య అంటూ జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు. “ఆడవాళ్ళకి అప్పజెబితే ఇంతేనండీ!” అన్నాడు నరసరాజుతో. ఇద్దరూ నవ్వారు. రామన్న మాత్రం నవ్వలేదు, నేలని చూస్తూ ఉండిపోయాడు. పాపం అనుకోవాలో, ఛీ అనుకోవాలో మీరే తేల్చుకోండి.

కోపానికి కూడా ఓ హద్దు ఉంటుంది, అది దాటాక మనిషికి అరవడం చేతకాదు. నాగేశ్వరి ఎండలో నిలబడి ఆ కలం కాగితం మీద కదలడం చూస్తోంది. తన పేరు రాస్తున్నాడు. తను అనని మాట పక్కన తన పేరు. ఇక కాలనీలో ప్రతి పేరంటంలోనూ, క్లబ్బులో ప్రతి పార్టీలోనూ ఆ కారు తగలేసిన మహాతల్లి తనే. నిజం చెప్పిన మనిషి తనొక్కతే, అబద్ధం అంటుకున్నదీ తనకే.

“పద, ఇంటికెళ్దాం,” అంటూ నరసరాజు ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. విదిలించుకుంది.

అప్పుడు ఏదో దభీమని పడింది. అందరూ తిరిగి చూశారు.

బక్కమ్మ నెత్తి మీద బుట్ట నేల మీదుంది. జామకాయలు పంపుల దాకా దొర్లుకుంటూ పోయాయి. ఒకటి వెళ్ళి ఎస్సై బూటుకి తగిలి ఆగింది. ఇంతసేపూ ఆమె అక్కడుందన్న సంగతే మగవాళ్ళెవరికీ గుర్తు లేదు.

“ఆగు సారూ. రాయకు.”

“ఏందే నీ లొల్లి? నీ మొగన్ని ఇడుస్తున్నం గద.”

“నా మొగడు అబద్ధం జెప్పిండు.”

“బక్కీ!” రామన్న అరిచాడు. “నోర్ముయ్! ఇంటికి వో!”

“నువ్వే ముయ్యి!” బక్కమ్మ మొగుడి వైపు చూడనైనా చూడలేదు. “సారూ, ఆయితారం పొద్దుగాల గీ అమ్మ నాతోని బేరంల ఉండె. డజనుకు రెండు కాయలు ఎక్కువ ఎయ్యమని నాతోని కొట్లాడుతుండె. పెట్రోల్ ముచ్చట ఆమె నోట్లకెల్లి రాలే. తిరాసీ అని మొత్తుకున్నది గీ సారే. నేను చూసిన. నా మొగడు గూడ చూసిండు. దెబ్బలకు బుగులువడి గిప్పుడు మాట మార్చిండు. పొద్దుగాల్ల నేనే పొయ్యి ఆమెను ఉన్నదున్నట్టు చెప్పుమన్న. ఆమె జెప్పింది. గిప్పుడు నేను నోరు మూస్కొని ఇంటికి పోతె నా మొఖాన నేనే ఉమ్మేసుకోవాలె.”

త్రినాథరావు మెడ తుడుచుకుంటున్న చెయ్యి అక్కడే ఆగిపోయింది. నరసరాజు నవ్వు ఎక్కడికో పోయింది. నాగేశ్వరి అడుగు ముందుకేసి బక్కమ్మ పక్కన, భుజానికి భుజం తగిలేలా నిలబడింది.

ఎస్సై కలం ఎత్తి పట్టుకుని బక్కమ్మని కిందనుంచి పైదాకా చూశాడు.

“ఏమనుకున్నవే? నీ మాట గిండ్ల రాస్తే కేసు మళ్ల మొదలు. ఇంజనీరు సార్ ఫిర్యాదు అట్లనే ఉంటది. నీ మొగడు గిప్పుడే, గీ జీపులనే, మళ్ల లోపటికి పోతడు. ఎన్నడొస్తడో నేను చెప్పలేను. ఎర్కయిందా? రాయాల్నా?”

బక్కమ్మ అప్పుడు మొదటిసారి మొగుడి వైపు తిరిగింది. రామన్న రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు. వద్దని, పెళ్ళానికి దండం పెడుతున్నాడు. ఆ వాచిన పెదవిని ఆమె చాలాసేపు చూసింది.

“రాయి సారూ,” అంది.